సెండాయ్ పత్రంలో మా వాడ ఎక్కడ?

2015 మార్చి 18న జపాన్‌లోని సెండాయ్ నగరంలో ప్రపంచ దేశాలు ఒక పత్రాన్ని ఆమోదించాయి. 2030 నాటికి విపత్తుల ముప్పు తగ్గించాలని 7 లక్ష్యాలు, 4 ప్రాధాన్యాలు పెట్టుకున్నాయి. 1994 యొకోహామా, 2005 హ్యోగో పత్రాల కంటే ఇది ముందుకు వచ్చిందనే చెప్పాలి. విపత్తు వచ్చాక సాయం పంచుతూ కూర్చోకుండా, ముప్పు తయారయ్యే చోటనే దాన్ని తగ్గించాలంటుంది. పేదరికం, అసమానత ముప్పుకు మూలాలని ఒప్పుకుంటుంది. స్త్రీలు, పిల్లలు, వృద్ధులు, వికలాంగులు, పేదలు, వలస జనం, ఆదివాసులు అని ఒక్కొక్కరినీ పేరు పెట్టి చెబుతుంది. కులం అనే మాట మాత్రం అందులో ఎక్కడా లేదు.

లేకపోతే ఏమి, పేదల్లో దళితులు రారా అని మన మిత్రులే అడుగుతుంటారు. దీనికి జవాబు ఏర్పేడు నుంచే చెబుతాను.

మా పక్క ఊరు వేరు, వాడ వేరు. ఊరు మెరకన ఉంటుంది. హరిజనవాడ, అరుంధతివాడ చాలాచోట్ల చెరువు మరవ కిందనో, వంక ఒడ్డునో ఉంటాయి. యానాదుల గుడిసెలు యేటి పోరంబోకులో ఉంటాయి. ఈ పల్లం మేము ఏరుకున్నది కాదు, మాకు మిగిల్చింది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు రాత్రిపూట మా వాడలోకి నీళ్లొచ్చాయి. మా అమ్మ బియ్యం డబ్బా నెత్తినెత్తుకుంది. నేను సర్టిఫికెట్ల సంచి పట్టుకున్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ గదా, అది తడిస్తే మళ్లీ ఎవరి చుట్టూ తిరగాలి? మోకాలి లోతు నీళ్లల్లో బడి మిట్టకు చేరాం.

నీళ్లు తీశాక నష్టం రాసుకోను ఒక ఉద్యోగి వచ్చాడు. మా పెద్దమ్మ ఇంటిని 'గుడిసె' అని రాశాడు. మట్టి గోడలున్నాయి సార్ అని నేనంటే, పట్టా ఉందా అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత ఉందో లెక్క చూద్దాం. 2022 నుంచి 2026 దాకా వర్తించేలా కేంద్రం ఇచ్చిన సహాయ నిబంధనల్లో, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000 రూపాయలు. పదిహేను రెట్ల తేడా. పైగా ఆ ఇల్లు అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలి. పోరంబోకులో బతికేవాళ్లకు ఆ కాగితం ఎక్కడ నుంచి వస్తుంది? నీటి వసతి ఉన్న పంట పోతే హెక్టారుకు 17,000 రూపాయలు ఇస్తారు. ఆ మడిలో నాటు వేసి, కోతకూలి మీద ఆశ పెట్టుకున్న ఆడమనిషికి పంట లెక్కలో జాగా లేదు. జీవనాధారం దెబ్బతిన్న కుటుంబాలకు కొద్దిరోజుల భృతి అనే అంశం ఉంది గానీ, ఆ కుటుంబాలేవో తేల్చేది మళ్లీ అధికారులే.

2005 విపత్తుల చట్టం 61వ సెక్షన్ సాయంలో కులవివక్ష కూడదంటుంది. మంచిదే. 2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో దళితుల్ని సహాయానికి దూరం పెట్టిన సంగతి హక్కుల సంఘాలు రాసి పెట్టాయి కాబట్టి, ఆ సెక్షన్ అవసరం ఏమిటో మనకు తెలుసు. కానీ వివక్ష బియ్యం పంచే దగ్గర మొదలు కాలేదు. ఇంటి జాగా దగ్గర, పట్టా దగ్గర మొదలైంది. అక్కడికి ఆ సెక్షన్ చెయ్యి చాలదు. అందుకే 'పేదలు' అన్న మాట మాకు చాలదంటున్నాను. పేదరికం మా కూడు సంగతి చెబుతుంది. మా ఇల్లు పల్లంలోనే ఎందుకుందో కులమే చెబుతుంది.

ఈ మౌనానికి ఒక చరిత్ర ఉంది. 2001 డర్బన్ సదస్సులో కులాన్ని చర్చకు తేవాలని దళిత సంఘాలు కొట్లాడాయి. అది మా ఇంటి సంగతి అని భారత ప్రభుత్వం అడ్డుపడింది. సొంత దేశమే దాచిపెట్టిన మాట ప్రపంచ పత్రాల్లోకి తనంతట తాను నడిచి వస్తుందా?

ఇంకో మాట. ముప్పు ఆకాశం నుంచి మాత్రమే రాదు. స్వర్ణముఖిలో ఇసుక తవ్వకాల మీద మొరపెట్టుకోను వచ్చిన మునగలపాళెం జనం మీదికి 2017 ఏప్రిల్‌లో ఏర్పేడు పోలీసు స్టేషను దగ్గరే లారీ దూసుకొచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు. యేటిని కాపాడమని అడిగిన మనుషులు వాళ్లు. ముప్పు తగ్గించే పాలన అంటే ముందు వాళ్ల మాట వినడం కాదా?

నీళ్ల పాలన మనకు కొత్త విద్యేమీ కాదు. 1943 దామోదర వరద తర్వాత, వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఆ లోయ పథకాన్ని నడిపించింది అంబేద్కరే. ఊళ్లల్లో చెరువు తూము కాసిన నీరుగంటి, దండోరా వేసిన మనిషి ఎక్కువగా మనవాళ్లే. ముందస్తు హెచ్చరిక అని ఈరోజు గొప్పగా చెప్పుకునే పని ఇన్నాళ్లూ మన డప్పే చేసింది. కమిటీలో కుర్చీ మాత్రం మనకు లేదు.

2019 జాతీయ విపత్తు ప్రణాళిక ఎస్సీ, ఎస్టీలను పేరు పెట్టి చెప్పింది. 2025 చట్ట సవరణ జాతీయ, రాష్ట్ర స్థాయిల్లో విపత్తుల సమాచార నిధి పెట్టాలంది. అయితే సెండాయ్ అడిగేది స్త్రీ పురుషులు, వయసు, వైకల్యం వారీ లెక్కలే. మన దేశపు నిధిలో కులం గడి కూడా ఉండాలని పట్టుబట్టాలి. ఏ వాడ ఏ చెరువు కింద ఉందో, ఎన్ని ఇళ్లకు పట్టా లేదో రాయించాలి. మెరకన ఇంటి జాగా, ఆడవాళ్ల పేరున పట్టా, మునిగిన రోజులకు కూలి, కమిటీలో వాడ మనిషి అడగాలి.

మా మండలంలో ఇప్పుడు ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. అక్కడి విద్యార్థులు, మన బడి పంతుళ్లు, కార్యకర్తలు కలిసి ఒక్క ఎండాకాలం తిరిగితే ఈ పటం గీయొచ్చు. 2030 ఎంతో దూరం లేదు. వచ్చే నవంబరు అంతకన్నా దగ్గర.