ముప్పును చదువు విద్య

పాలమూరు మెట్టసీమలో నేడు నీరనగా విద్యుత్తే. కొల్లాపురము చెంత రేగుమానుగడ్డ వద్ద శ్రీశైల జలాశయపు వెనుకనీటిని తోడి, ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అను మూడు అంచెలలో మీదికెత్తి, కల్వకుర్తి పొలముల వైపు నడిపించు ఎత్తిపోతల పథకమున ఒక్కొక్క పంపు 30 మెగావాట్లది. కాలువ అందని ఊళ్లలో బోరుబావియే దిక్కు. 2018 జనవరి 1వ తేదీ నుండి సేద్యమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట, అర్ధరాత్రి పాముల నడుమ నడిచిపోయి మోటారు వేయవలసిన రైతు అవస్థ చాలవరకు తగ్గినది. ఇట్టి సీమకు కీడు తలపెట్టువాడు కల్వకుర్తికి రానక్కరలేదు. విద్యుత్ సరఫరాను నియంత్రించు హైదరాబాదులోని రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటరులో ఒక కంప్యూటరుపై పట్టు దొరికిన చాలునని ఆశపడును. ఆ పట్టు చిక్కకమునుపే వాని జాడ కనిపెట్టుటకై ప్రభుత్వ కొలువులో నున్నవారే సైబర్ ముప్పుల విశ్లేషకులు.

ఇది ఊహ కాదు. 2021 ఫిబ్రవరి 28న రికార్డెడ్ ఫ్యూచర్ అను అమెరికా సంస్థ ఒక నివేదికను వెలువరించి, చైనాతో సంబంధము గలదని తాను భావించిన రెడ్‌ఎకో అను ముఠా మన విద్యుత్ రంగములోని 10 సంస్థలపై కన్నువేసినదనియు, దేశమందలి 5 ప్రాంతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్లలో 4 అందులో నున్నవనియు తెలిపెను. పత్రికలకది సరిక్రొత్త వార్త. మన విశ్లేషకులకు మాత్రము అప్పటికే ఎరుకైన సంగతి. షాడోప్యాడ్ అను మాల్‌వేరును గూర్చి, దేశపు సైబర్ అత్యవసర స్పందన సంస్థయగు సెర్ట్-ఇన్ 2020 నవంబరు 19ననే విద్యుత్ నియంత్రణ కేంద్రములకు తెలియజేసియుండెను. కీలక వ్యవస్థల రక్షణకై ఏర్పడిన ఎన్‌సీఐఐపీసీ 2021 ఫిబ్రవరి 12న రెడ్‌ఎకో పేరెత్తి మరియొక లేఖ పంపెను. మార్చి తొలివారమున తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలు హెచ్చరిక నందుకొని, అనుమానము గొలిపిన ఐపీ చిరునామాలను అడ్డగించినవి, సబ్‌స్టేషన్లలోని బ్రేకర్లను దూరము నుండి నడుపు ఏర్పాటును విడదీసినవి, లాగిన్ వివరములను మార్చినవి. ఈ మూడు పనులను నేను ముఖ్యముగా గమనింపుమందును. ఏలయన విశ్లేషకుని విద్యకు ఫలము అక్కడనే యున్నది.

ఈ విద్యకు మొదటి మెట్టు మామూలును ఎరుగుట. ప్రతి యంత్రమును తాను ఎవరితో, ఎప్పుడు, ఎంతసేపు మాటలాడెనో లాగులు అను చిట్టాలలో వ్రాసికొనుచుండును. కార్యాలయములోని కంప్యూటరు పగలంతయు మనుష్యుని చేతిక్రింద ఆగుచు సాగుచు, ఒక లయ లేక పనిచేయును. అట్టిది రాత్రి రెండు గంటలకు, ఆ గదిలో ఎవరును లేనివేళ, ఎన్నడును వినని ఒక చిరునామాకు అయిదేసి నిమిషముల కొకసారి చిన్న సందేశము పంపి, మరల మూగవోయినదనుకొనుడు. సందేశములో నేమియు నుండకపోవచ్చును. ఆ క్రమమే దోషిని పట్టియిచ్చును. లోపల దూరిన మాల్‌వేరు బయటనున్న యజమానిని ఆజ్ఞ కొరకు అడుగు తీరది. ఐతే తెలివిగల దొంగ ఆ వ్యవధిని ఒకసారి నాలుగు నిమిషములకు, ఒకసారి ఏడింటికి మార్చుచుండును. చిరునామాను మార్చుట అతనికి క్షణకాలపు పని. అలవాటును మార్చుకొనుట కష్టము. కావున అనుభవశాలి చిరునామాలను అడ్డగించుటతో తృప్తినొందక, అలవాటును వెదకును.

ఈ సంప్రదాయమునకు ఆదిపురుషులలో నొకడు ఖగోళశాస్త్రజ్ఞుడగుట నాకెంతయు సంతోషము కలిగించు విషయము. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టోల్ అను నాతడు కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా ఏల వచ్చెనని విచారింపబూని, లోపల నెవరో పరాయివాడు తిరుగుచున్నాడని గ్రహించెను. అతనిని వెంటనే వెడలగొట్టక, తీగెలకు ప్రింటర్లను తగిలించి, వాడు కొట్టిన ప్రతి అక్షరమును కాగితముపై కెక్కించుచు, వేళలను నోటుపుస్తకములో వ్రాసికొనుచు, కల్పిత పత్రములను ఎరవేసి, తుదకు జాడను పశ్చిమ జర్మనీలోని హానోవర్ వరకు తీసికొనిపోయెను. నక్షత్రములను కనిపెట్టువాని ఓర్పు ఆ పనికి ఒదిగినది.

రెండవ మెట్టు తీర్పు. నా యెన్నికలో ఇదియే దుర్గమము. 2020 అక్టోబరు 12న ముంబయి నగరము గంటల తరబడి చీకటిలో మునిగెను. సైబర్ విద్రోహము జరిగియుండవచ్చునని మహారాష్ట్ర ప్రభుత్వము పలుకగా, మానవ తప్పిదమే కారణమనియు, సైబర్ దాడికి ఆధారము లేదనియు కేంద్ర విద్యుత్ మంత్రి ప్రకటించెను. శత్రువు ఇంటిలో దూరెననుట ఒకటి, దీపమార్పినది అతడేయనుట మరొకటి. మొదటిదానికి దొరికిన సాక్ష్యమును రెండవదానికి వాడరాదు. అమెరికా గూఢచార విభాగమున పనిచేసిన రిచర్డ్స్ హ్యూయర్, తనకు నచ్చిన ఊహకు బలము వెదకుట మాని, సాధ్యమైన ఊహలన్నిటిని పక్కపక్కన నిలిపి ఏ సాక్ష్యము దేనిని ఖండించుచున్నదో చూడుమని బోధించెను. ప్రభుత్వ లేఖలో దేశము పేరు వ్రాయునపుడు, దాని వెనుక రాయబారములును సరిహద్దులును ఉన్నవని ఎరిగి, తన నిశ్చయము ఎంతటిదో నిజాయితీగా వ్రాయగలవాడే ఆ కుర్చీకి తగినవాడు.

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు పంపిణీ సంస్థలపై జరిగిన దాడి ఈ విద్యకంతటికి గీటురాయి. నెలల మునుపే ఈమెయిళ్ల ద్వారా లోపలికి చొచ్చిన హ్యాకర్లు, నియంత్రణ గదిలో ఆపరేటర్లు నిశ్చేష్టులై చూచుచుండగా తెరపైని బాణపుగుర్తును తామే నడిపి, బ్రేకర్లను ఒకటొకటిగా తెరచిరి. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు విద్యుత్తు పోయినది. అది కొద్ది గంటలలోనే తిరిగివచ్చుటకు హేతువు ఏ సాఫ్టువేరును కాదు. సిబ్బంది వాహనములెక్కి సబ్‌స్టేషన్లకు పరుగెత్తి, బ్రేకర్లను చేతితో వేసిరి. 2021లో దూరనియంత్రణను విడదీయుటలోని వివేకము ఈ కథ ఎరిగినవారికి స్పష్టమగును.

మనదేశమున శాసనములు ఇట్టి దాడుల వెనుకనే వచ్చినవి. 2019 వేసవిలో కల్వకుర్తికి బిల్లులిచ్చు దక్షిణ డిస్కము వెబ్‌సైటుతో సహా తెలుగు రాష్ట్రముల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేరు వాతబడినవి. 2022 ఏప్రిలులో సెర్ట్-ఇన్, ఇట్టి ఘటనలను 6 గంటలలో తెలుపవలెననియు, లాగులను 180 దినములు భద్రపరుపవలెననియు ఆదేశించెను. 2023లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వెలసినది. లాగులను దాచుమన్న నియమము పైకి నిస్సారముగ తోచును గాని, నెలల క్రిందట దూరినవాని అడుగులు వెదకబోయినపుడు విశ్లేషకునికి మిగులు ఆస్తి అది యొక్కటే.

ఇంతటి శ్రమతో తయారైన హెచ్చరిక పెద్ద కార్యాలయపు ఇంజనీరు మెయిలులో ఆగిపోరాదని నా విన్నపము. రాత్రి షిఫ్టులో సబ్‌స్టేషనును ఒంటరిగా కాచు ఆపరేటరుకును, ఆర్టిజనుకును అది తెలుగులో, ఒక్క పుటలో అందవలెను: తెరపై బ్రేకరు తనంతట తాను తెరచుకొన్నచో మొదట దూరనియంత్రణను ఏ స్విచ్చితో తప్పింపవలెనో, పిదప ఏ ఫీడరును ఏ వరుసలో చేతితో వేయవలెనో, పరాయి పెన్‌డ్రైవును ఏ యంత్రమునకు తగిలింపరాదో, డిస్పాచ్ సెంటరు టెలిఫోను పలుకనిచో మరి యెవరిని పిలువవలెనో. ఉక్రెయిన్‌లో ఆనాడు సంస్థల టెలిఫోన్లను కూడ శత్రువు వెల్లువెత్తిన దొంగ కాల్‌లతో నింపివేసెను గనుక, ఆ కడపటి పంక్తిలో కనీసము రెండు నంబర్లుండుట అవసరము.