తోక పట్టుకుని వెతకడం

ఐదక్షరాల ఇంగ్లీషు మాట. చివరి నాలుగూ తెలిసిపోయాయి: ఐ, జి, హెచ్, టి. మొదటి గడి ఒక్కటే ఖాళీ. వర్డిల్ ఆడేవాళ్ళు ఇక్కడికి రాగానే పనైపోయిందనుకుంటారు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్, ఎయిట్... ఆ ఒక్క గడి కోసం ఎనిమిది మాటలు కాచుకుని ఉంటాయి. ఆటలో మొత్తం అవకాశాలే ఆరు. అందులో రెండో మూడో అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. ఒక్కొక్క మాటే వేసి చూస్తూ పోతే ఆట చేజారుతుంది.

ఇలాంటప్పుడు నేను ఫిల్మ్స్ అని వేస్తాను. అది జవాబు కాదని తెలిసే వేస్తాను. ఆ ఒక్క మాటలో ఎఫ్, ఎల్, ఎం, ఎస్ నాలుగూ ఉన్నాయి. వాటిలో ఏది ఆకుపచ్చగా (సరైన చోటే ఉంది) గానీ పసుపుగా (ఉంది, కానీ వేరే చోట) గానీ మారినా జవాబు తెలిసిపోయినట్టే. నాలుగూ బూడిదరంగుకు తిరిగితే, అంటే ఏదీ జవాబులో లేకపోతే, మిగిలేవి నైట్, రైట్, టైట్, ఎయిట్. అప్పుడు ట్రెండ్ వేస్తాను. మొదటి గడిలోని టి ఆకుపచ్చైతే టైట్. కాకపోతే ఆర్, ఇ, ఎన్‌లలో రంగు మారినది ఏదో చూస్తే చాలు. ఎనిమిది మాటల ముడి రెండు అడుగుల్లో విడిపోతుంది. దొరికిన అక్షరాలను ప్రతిసారీ వాడి తీరాల్సిన హార్డ్ మోడ్‌లో ఆడేవాళ్ళకు ఈ దారి లేదు. నా మటుకు నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే: జవాబు కాని మాటను ఎంచి వేసి, దానిచేత జవాబు చెప్పించడం.

జోష్ వార్డిల్ అనే ప్రోగ్రామర్ తన జీవిత భాగస్వామి పాలక్ షా కోసం తయారుచేసిన ఆట ఇది. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు 12,000 దాకా పోగయ్యాయి. పాలక్ షా వాటిని ఒక్కొక్కటే చూసి, తనకు తెలిసినవీ తెలియనివీ వేరుచేశారు. జవాబుల జాబితాకు 2,300 పైచిలుకు మిగిలాయి. 2021 అక్టోబరులో ఆట అందరి ముందుకూ వచ్చింది, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఆవిడ ఓపికగా చేసిన ఆ ఏరివేత వల్లే ఇది ఇంతమందికి దగ్గరైందని నా నమ్మకం. జవాబు దాదాపు ఎప్పుడూ మనకు తెలిసిన మాటే.

తెలిసిన మాటే అయితే ఎందుకు తట్టదు? 'ఎల్ ఐ జి హెచ్ టి, లైట్' అంటూ రాగం తీసి స్పెల్లింగులు వల్లెవేసిన తరం మాది. అలా నేర్చిన మాట మొదటి అక్షరం అందిస్తేనే కదులుతుంది. నడుమ నుంచో చివర నుంచో పిలిస్తే పలకదు. పైగా మనకు విన్నదే రాయడం, రాసిందే చదవడం అలవాటు. లైట్‌లో జి, హెచ్ చెవికి వినపడవు, కళ్ళతోనే చూడాలి. ఈ వెతుకులాటకు ఎన్ని మాటలు వచ్చన్నదానికన్నా, వచ్చిన మాటను ఏ వైపు నుంచైనా చూడగలగడం ముఖ్యం.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. అవధానంలో న్యస్తాక్షరి అంటే ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండి తీరాలి. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని కాదంటుంటాడు. వర్డిల్ ఆకుపచ్చ గడి మొదటిది, బూడిద గడి రెండోది. అవధాని ఛందస్సునూ అర్థాన్నీ కూడా నిలబెట్టాలి గనుక ఆయన పని ఎన్నో రెట్లు కష్టం. మనకు ఐదు గళ్ళు నిండితే చాలు.

నేను తోకతో మొదలుపెడతాను. చివర ఓ, యు, ఎన్, డి అనుకుంటే సౌండ్, రౌండ్, పౌండ్, బౌండ్, ఫౌండ్ వరసగా వస్తాయి. ఆ తర్వాత అక్షరాల స్నేహాలు చూస్తాను. హెచ్ దొరికితే దాని పక్కన సి, ఎస్, టి, పి, జి, డబ్ల్యులలో ఏదైనా ఉందేమో చూడాలి. వి చివర నిలవడం బహు అరుదు. అచ్చులు ఒక్కటీ తగలకపోతే వై వైపు తిరగాలి: నింఫ్, లింఫ్, క్రిప్ట్, ట్రిస్ట్.

ఇలా అక్షరాల పోకడ గమనించడం వర్డిల్‌తో మొదలైంది కాదు. అక్షరాల బిళ్ళలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆట పుట్టిందే అక్షరాల లెక్కలోంచి. 1930ల మాంద్యంలో ఉద్యోగం పోయిన అమెరికన్ ఆర్కిటెక్ట్ ఆల్ఫ్రెడ్ బట్స్ పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి, 100 బిళ్ళల్లో ఇ అక్షరానికి 12 ఇచ్చాడు. ఎస్‌కు నాలుగే ఇచ్చాడు, లేకపోతే అందరూ బహువచనాలతో గట్టెక్కేస్తారు. ఆ ఆటలో న్యూజిలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచ్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచ్ మాట్లాడడం రాదు. కొన్ని వారాలు ఫ్రెంచ్ మాటల పట్టీ చదువుకుని వెళ్ళాడంతే. 2024లో స్పానిష్‌లోనూ అదే చేశాడు. 2015లోనే పెర్త్‌లో జరిగిన ఇంగ్లీషు ప్రపంచ పోటీలో నైజీరియా ఆటగాడు వెల్లింగ్టన్ జిఘేరే నెగ్గాడు. ఆఫ్రికా నుంచి ఆ పోటీ గెలిచిన మొదటివాడు ఆయనే. ఫైనల్‌లో ఆయన వేసిన మాటల్లో 36 పాయింట్ల ఫెల్టీ ఒకటి, అదీ ఐదక్షరాలదే. ఏడు బిళ్ళలూ ఒకేసారి దించితే 50 పాయింట్లు అదనంగా వస్తాయి. నైజీరియావాళ్ళు ఆ ఆశకు పోకుండా చిన్న మాటలు వేసి, మంచి బిళ్ళలు దాచుకునే సాధన చేశారు. ఇంగ్లీషు మన భాష కాదు, ఈ ఆటలు మనకెందుకని బిడియపడేవాళ్ళకు నేను ఈ ఇద్దరి గురించే చెబుతుంటాను.

అక్షరాలు కొడితే మాటల జాబితా ఇచ్చే సాధనాలు ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి. ఆట ముగిశాక వాటిని తెరవడం మంచి చదువు. ఆట మధ్యలో తెరిస్తే వెతుకులాటే పోతుంది, నేర్చుకునేది అందులోనే.

ఈ వారానికి ఏడక్షరాలు: ఏ, ఇ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టి. ఎస్ చివర పెడితే రిటైన్స్, రెటినాస్. ఇ, ఆర్ చివర పెడితే స్టెయినర్. ఐ, ఇ, ఆర్ మూడూ చివర పెడితే నాస్టియర్. ఆ మూడక్షరాల తోకకే ఇంకో మాట కూడా ఉంది. మిగిలిన నాలుగక్షరాలనూ అటూ ఇటూ మార్చి చూడండి.