పుస్తెలత్రాటి పిన్నీసు

గత మంగళవారము సాయంకాలమున విశాఖలో గాజువాక నుండి పాతపోస్టాఫీసునకు వచ్చు బస్సులో, బడి విడిచి యింటికి పోవుచున్న పదేండ్ల బాలిక యొకతె పుస్తకముల సంచి పట్టీ, సింధియా దాటకముందే కుట్టు విడిపోయి, పుస్తకములన్నియు జనుల కాళ్ల నడుమ చెల్లాచెదరైన సమయమున, నేను నా జేబులోనికి చేయి పోనిచ్చి, అందున్న పరికరములను ఒకదాని వెంట నొకటి తడిమి చూచి, వానిలో ఏదియు ఆ క్షణమునకు అక్కరకు వచ్చునది కాదని తెలిసికొనునంతలో, ఎదుటి వరుసలో ఖాళీ చేపలతట్టను ఒడిలో పెట్టుకొని కూర్చున్న జాలరి స్త్రీ యొకతె “ఇలా రావే గుంటా” అని ఆ పిల్లను దగ్గరకు లాగి, తన మెడలోని పుస్తెలత్రాటికి తగిలించియున్న మూడు పిన్నీసులలో ఒకదానిని, కన్నెత్తి చూడకయే, బొటనవ్రేలితో విప్పి, తెగిన పట్టీని రెండు మడతలు వేసి, సంచి అంచుతో కలిపి గ్రుచ్చి మూసెను. పని ముగియుటకు రెండు నిమిషములైనను పట్టలేదు.

“ఎప్పుడూ ఇవి దగ్గర పెట్టుకొనే తిరుగుతావా అమ్మా?” అని అడిగితిని.

“ఇయ్యి నేకపోతే ఎలాగ బాబూ? సెప్పు తెగినా, సీర జారినా, కాల్లో ముల్లు దిగినా ఇదే కదేటి!” అని ఆమె తట్ట సవరించుకొనెను.

నలువది యేండ్లుగా జేబులో పనిముట్లు మోయుట నాకు అలవాటు. ఒక మడతచాకు, ఒక టెస్టరు, చిటికెన వ్రేలంత టార్చిలైటు, ముల్లు పట్టి లాగెడి చిన్న శ్రావణము, తాళములగుత్తి: ఇవి లేక వీధిలోనికి పోయిన దినములు నాకు గుర్తులేవు. ఏ పరికరమెంత గొప్పది, ఏ దేశమున చేయబడినది, ఎన్ని పనులకు వచ్చును అను విచారములతో చిరకాలము గడిపిన నాకు, పనిముట్టు విలువలో సగము అది శరీరమున ఏ చోట నున్నదను దానిపై నాధారపడి యుండునని ఆ సాయంకాలము బస్సులో తెలిసినంత స్పష్టముగా మునుపెన్నడును తెలియలేదు. నా పరికరములు జేబు అడుగున ఒకదానితో నొకటి చిక్కుపడి యుండెను. ఆమె పిన్నీసు కంఠమున, చేయి వెదకకుండ చేరెడి చోట నుండెను.

పిన్నీసును ఒకపరి కంటి దగ్గరకు తెచ్చుకొని చూడుడు. ఒకే తీగ ఒక కొన యొద్ద చుట్టు తిరిగి రెండు కాళ్లుగా సాగును. ఒక కాలికి మొన యున్నది, రెండవ కాలికి రేకు టోపీ యున్నది. ఆ చుట్టు వలన తీగకు స్ప్రింగు గుణము కలిగి, మొన గల కాలు ఎల్లప్పుడును తెరచుకొనుటకే ప్రయత్నించుచు టోపీని లోపలినుండి నొక్కుచుండును. తెరచుకొనవలెనను ఆ తహతహయే దానిని మూసి యుంచుచున్నది. తీగను చుట్టి స్ప్రింగు చేసి వస్త్రములను బంధించు నేర్పు రోమనులకు సైతము తెలియును గాని, మొనను కప్పి వ్రేలిని కాపాడు మూతతో ఒక్క తీగనే వంచి ఈ రూపమునకు తెచ్చి 1849వ సంవత్సరమున అమెరికాలో పేటెంటు పొందినవాడు వాల్టర్ హంట్. ఆ హక్కును ఆయన 400 డాలరులకు అమ్మివేసెను. ఆయన పేరు మన స్త్రీలలో ఎవరికిని తెలియదు. ఆయన చేసిన వస్తువునకు మాత్రము వారు, తమ దేహముపై మిక్కిలి పవిత్రమని తలచు సూత్రముననే చోటిచ్చిరి. ఒక యంత్రకారునకు ఇంతకు మించిన గౌరవము ఏ దేశమున లభించెనో నేనెరుగను.

1966వ సంవత్సరమున “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అని ఊరూరను నినాదములు మ్రోగిన దినములలో నేను బడిపిల్లవాడను. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగి, ఎన్నో యేండ్ల తరువాత రూపు దాల్చిన ఆ కర్మాగారముననే నా యుద్యోగమంతయు గడచినది. అచ్చట వైర్ రాడ్ మిల్లులో, ఎఱ్ఱగా కాగిన ఉక్కు సన్ననై, పాము వేగమున వచ్చి, వలయములు వలయములుగా పడుచుండుటను నేను వేలసార్లు చూచితిని. అట్టి చువ్వనే చల్లారిన పిదప అంతకంతకు చిన్నవైన అచ్చురంధ్రముల గుండ లాగుచు పోయినచో తీగ యగును. లాగిన కొలది సన్నమగుటయే కాక గట్టిపడును కూడ. పిన్నీసునకును, తాళములు గ్రుచ్చు రింగునకును, సైకిలు పుల్లకును తల్లి ఆ తీగయే. కొలిమిముందు ముప్పది యేండ్లు నిలిచినవాడను, ఆ యుక్కు చివరకు చేరెడి చోటులలో ఒకటి జాలరి స్త్రీ కంఠమని నే నెన్నడును తలపోయలేదు.

మన జాతికి జేబు నిన్న మొన్న వచ్చినది. అంతకు పూర్వము మనుష్యుని పనిముట్లకు ఆశ్రయము నడుము. మొలత్రాటికి తాళపుచెవి, రొండిని సున్నపుకాయ, బొడ్డున డబ్బులసంచి, స్త్రీలకు కొంగుముడి, వడ్రంగికి చెవిపై పెన్సిలు, ప్రయాణికునకు తలపాగా మడతలో సూదియు దారమును. మన శరీరమే ఒక అలమారుగా నుండెడిది. మా తాతగారి రొండిని తోలుతిత్తి యొకటి వ్రేలాడుచుండెడిది. దానిని మేము చెకుముకిసంచి యనెడివారము. అందులో ఒక తెల్లని రాయి, వంకర తిరిగిన చిన్న ఉక్కుముక్క, కొంత దూది, వీనితోపాటు ఒకే వలయమునకు గ్రుచ్చిన గుబిలిపుల్లయు, పండ్లు కుట్టుకొను పుల్లయు, శ్రావణమును ఉండెడివి. రాతి అంచునకు దూదిని ఆనించి పట్టుకొని ఉక్కుతో ఒరసి కొట్టినప్పుడు రాయి ఉక్కును గీకి, కంటికి కానరానంత సన్నని ఇనుపరజను రేపును. ఆ రజను గాలి తగిలినంతనే మండి నిప్పురవ్వ యగును. రవ్వ దూదిపై పడి పొగయును. తాతగారు దానిని అరచేతుల దొప్పలో పట్టి, పసిబిడ్డను ఊరడించునట్లు మెల్లగా ఊది, చుట్ట అంటించుకొనెడివారు. మా వీధి చివర జాలరిపేట ముసలమ్మలు ఆ నిప్పు అడిగి తీసికొని, మా సముద్రతీరపు అలవాటు చొప్పున అడ్డపొగగా, మండుచున్న కొనను నోటిలోపల నుంచుకొని పీల్చెడివారు. చుట్ట యొక్క హాని యెట్టిదో నేడు మనకు తెలియును. ఆ నిప్పు పుట్టించు నేర్పు మాత్రము నా కన్నుల ముందు నుండి చెరగలేదు. నా గుత్తిని నేడు వ్రేలాడుచున్న శ్రావణము ఆ వలయము నుండి వచ్చినదే.

నాన్నగారు ఓడరేవులో టాలీ గుమాస్తా. 1933వ సంవత్సరమున తెరువబడిన ఈ రేవు, మధ్యపరగణాల మాంగనీసు ఖనిజమును సముద్రము దాటించుటకై ముఖ్యముగా పుట్టినది. నాన్నగారి కాలమునకు గోనెసంచుల సరకును విస్తారముగా నడిచెడిది. కళాసీల భుజమునకు పిడి గల ఇనుపకొక్కెము వ్రేలాడుచుండెడిది. బరువైన గోనెను ఆ కొక్కెముతో ఎక్కడ పట్టిన సంచి చినుగదో, ఎక్కడ పట్టిన వీపుపైకి తనంత తాను దొరలి వచ్చునో, వారి చేతులకు తెలియును. నాన్నగారి జేబులో నుండినది ఒక చిన్న చాకు. పెన్సిలు చెక్కుట, గోనె మూతి కుట్టు విప్పుట, నమూనా తీసిన పిమ్మట అందలి పీచు కత్తిరించుట, ఇంతే దాని పని. ప్రతి ఆదివారము మధ్యాహ్నము ఆయన దానిని విప్పి, కీలులో పేరుకొనిన దుమ్మును కోడి యీకతో తీసి, ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి, బట్టతో తుడిచెడివారు. ఇతర నగరములవారికి ఈ శ్రద్ధ అతిగా తోచవచ్చును. డాల్ఫినుముక్కు కొండ నీడన బ్రతుకువారికి కాదు. ఇచ్చటి గాలిలో ఉప్పున్నది. వానకాలమున పది దినములు మరచిన చాకు పదకొండవ దినమున తుప్పు పూలు పూయును. క్రోమియము నూటికి పది పాళ్లకు పైబడి కలిసిన స్టెయిన్‌లెస్ ఉక్కునకు కంటికి కనబడని పొర కవచమై నిలుచును గాని, ఉప్పు దానిని సైతము మచ్చ పరచగలదు. ఆ చాకు ఇప్పుడు నాది. అంచు అరిగి సగమైనది. ఆదివారపు నూనె ఇంకను నడచుచున్నది.

ఓడలపై కొలువు చేసిన మా మేనమామ తెచ్చి యిచ్చిన స్విట్జర్లండు చాకు ఒకటి కూడ నా పెట్టెలో నున్నది. కార్ల్ ఎల్సనరు అను కమ్మరి 1891లో తన దేశపు సైనికులకు చాకులు అందించి, 1897లో అధికారుల కొరకు మరింత తేలికయైన దానిని రూపొందించెను. నేటి ఎఱ్ఱచాకునకు అదియే మూలము. శిల్పము నిస్సందేహముగా గొప్పది. అయినను అందలి పదునాలుగు ఆకులలో నేను నిజముగా వాడినవి కత్తెరయు, స్క్రూడ్రైవరును మాత్రమే.

టెస్టరు కథ వేరు. మన దేశమున విద్యుత్తు పని తెలిసినవాని గుర్తు చొక్కా జేబునుండి తొంగిచూచు ఆ పచ్చని పిడియే గదా. పిడిలోపల గింజంత నియాను దీపము, దానిని అంటి అత్యధిక నిరోధము గల చిన్న ముక్కయు ఉండును. కొనను తీగకు తాకించి, తలపైనున్న లోహమును వ్రేలితో ముట్టినచో, విద్యుత్తు మన శరీరము మీదుగానే భూమికి చేరుచు, ఆ నిరోధము వలన మనకు తెలియనంత అల్పమై, దీపమును మాత్రము వెలిగించును. కొలువులో చేరిన మొదటి యేట, మండువేసవి మిట్టమధ్యాహ్నమున ఆరుబయట ఒక పెట్టె విప్పి, టెస్టరు వెలుగలేదని నమ్మి తీగను పట్టుకొని, మూడడుగులు వెనుకకు పడితిని. మా మేస్త్రి నన్ను లేవదీసి, “ఎండలో దీపం కనిపించదు సారూ. కనిపించనిదీ నేనిదీ ఒకటి కాదు. ముందు కరెంటున్న సోట పెట్టి సూసుకో, ఆపైన నేని సోట నమ్ము” అని, నా టెస్టరును తన అరచేతి నీడలో పట్టి చూపెను. దీపము నారింజగింజ వలె వెలుగుచునే యుండెను. నాటి నుండి అరచేతి నీడ లేక నేను టెస్టరు చూడలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారము. హుద్‌హుద్ తుపాను మా నగరముపైననే తీరము దాటిన ఆ దినమున, మా మేడలోని కిటికీ అద్దములు ఒకటొకటిగా పగులుచుండ, రాత్రియగుసరికి దీపము లేదు, ఫోను లేదు, కుళాయిలో నీరు లేదు. మూడవ అంతస్తులోని మామ్మగారు చీకటిలో అద్దపు పెంకును త్రొక్కిరి. వైద్యుని యొద్దకు పోవుటకు వీధి యెల్ల కూలిన చెట్లే. శ్రావణమును గ్యాసుపొయ్యి మంటలో కాల్చి చల్లార్చి, గుత్తి టార్చిని పండ్ల నడుమ కరచిపట్టుకొని, ఆమె పాదమును నా మోకాలిపై నుంచుకొని చూచితిని. నెత్తురులో అద్దము కానరాదు. వెలుగును అడ్డముగా, చర్మమునకు సమాంతరముగా త్రిప్పినప్పుడు మాత్రము ఒక్క మెఱుపు మెఱయును. రెండుమార్లు జారి, మూడవమారు దొరికినది. “అయిపోయిందా నాయనా?” అని ఆమె అడిగినది, నోట టార్చి యుండుట వలన తల యూపితిని, వెలుగు గోడపై ఊగెను. మా వీధికి మరల విద్యుత్తు వచ్చుటకు ఎనిమిది దినములు పట్టినది. ఆ యెనిమిది రాత్రులును ఆ వ్రేలంత దీపము మెట్లపై అందరిదై తిరిగెను.

ఈ బుధవారము పూర్ణామార్కెట్టులో ఒక అట్ట పిన్నీసులు కొంటిని. నా తాళములగుత్తికి, చీకటిలో చేతికి ఆనవాలు తెలియుటకై, ఏటికొప్పాక లక్కబొమ్మ యొకటి చాలకాలముగా వ్రేలాడుచున్నది. వరాహనది యొడ్డున అంకుడుకర్రను తరిణె పట్టి చేసిన ఆ గుండ్రని పూసకు పైన, రింగునకు రెండు పిన్నీసులు తగిలించితిని. గుత్తిని జేబు అడుగున నుంచక, నడుము పట్టీకి కొక్కెముతో కట్టుకొనుచున్నాను. నిన్న జగదాంబ కూడలిలో చెప్పు తెగి నిలిచిపోయిన కుఱ్ఱవానికి ఒకటి యిచ్చితిని. విప్పుటకు నేను తల వంచి చూడవలసి వచ్చినది. బస్సులోని ఆ జాలరి స్త్రీ వలె చూడకుండ విప్పుట నాకింకను చేతకాలేదు. రెండవది రింగుననే యున్నది.