కొలిమి కాక: కన్నూ మీటరూ

పల్నాట పెరిగినవాళ్ళకు కమ్మరి కొలిమి గురించి పరిచయం చెయ్యనక్కర్లేదు. కర్రు పదునుకో, గొడ్డలికి ఉక్కు వేయించుకోడానికో, కక్కు కొడవలికి పళ్ళు కొట్టించుకోడానికో వెళ్ళి, ఆ బొగ్గుల ముందు గొంతుక్కూర్చున్నవాళ్ళే మనలో చాలామంది. తిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది గానీ, ఇనుముకు ఎంత కాక పట్టిందో చూసే పని ఇంకా కంటిదే. ఇప్పుడా కంటి పక్కకు చవకలో దొరికే కె-రకం థర్మోకపుల్ అనే వేడి కొలిచే తీగ, దానికో అంకెల మీటరు వచ్చి నిలబడ్డాయి. నాకు రెండూ ఇష్టమే. రెండూ ఒకే పని చేస్తాయనుకుంటాం గానీ, వాటిని అడిగే ప్రశ్నలే వేరు.

లారీ కమాను బద్దను కొడవలిగా సాగగొట్టి, చివరి పదునుకు కాల్చే క్షణం చూడండి. 600 డిగ్రీల దగ్గర మసక ఎరుపు. 750 దాటితే నిండు ఎరుపు. ఆపైన ఎరుపులోనే సన్నటి నల్లనీడ ఒకటి కదులుతుంది. ఉక్కు లోపలి అమరిక మారుతూ వేడిని మింగేస్తుంటే కనిపించే నీడ అది. అంచు నుంచి నీడ తొలగి రంగంతా ఒక్కతీరున వెలిగాక బద్దను నూనెలో ముంచాలి. అనుభవమున్న కమ్మరి ఆ నీడ కోసమే చూస్తాడు. ఏ చవక మీటరుకూ అది కనపడదు.

మీటరు తీరు వేరు. క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు తీగల కొసలు కలిపితే, వేడికి వాటి మధ్య డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టుల కరెంటు ఒత్తిడి పుడుతుంది. ఈ గుణాన్ని 1821లో సీబెక్ గమనించాడు. 1886లో లె షాటెలియే ప్లాటినం తీగలతో దాన్ని బట్టీలకు నమ్మకమైన కొలతగా మార్చాడు. అయితే తీగ చెప్పేది తన కొస వేడిని మాత్రమే. కొలిమి 900 చూపిస్తున్నా, అప్పుడే పెట్టిన కమాను బద్ద ఇంకా నల్లగానే ఉండొచ్చు. కన్ను ఇనుమును చూస్తుంటే, మీటరు ఇనుము చుట్టూ ఉన్న మంటను చూస్తుంది.

చుట్టూ ఉన్న పరిస్థితికి లొంగడంలో మాత్రం రెండూ ఒకటే. మే నెల మాచర్ల ఎండలో నిండు ఎరుపు కూడా వెలవెలబోతుంది. కొలిమిని పాక కింద, చీకటి మూలకు పెట్టుకున్నది అందుకే. అలాగే మీటరుకూ నీడ కావాలి. తీగ వచ్చి కలిసే చోట వేడి ఎంతో తెలిస్తేనే అది అసలు లెక్క కట్టగలదు. తీగ చాలలేదని మామూలు రాగి తీగ అతికారనుకోండి. అతుకు కొలిమి గోడ దగ్గర 80 డిగ్రీల్లో, మీటరు నీడలో 40 డిగ్రీల్లో ఉంటే, అంకె 40 డిగ్రీలు తగ్గి పడుతుంది. కె-రకానికి తగ్గ పొడుగు తీగే వేసుకోవాలి. కొసకు పింగాణీ గొట్టం తొడగాలి. గాజునార తొడుగు కొలిమిలో నిలవదు.

ముసలితనం కూడా రెండింటికీ ఒకే దారిలో వస్తుంది. గాలి చాలని బొగ్గుల నడుమ, 800 నుంచి 1050 డిగ్రీల వేడిలో, క్రోమెల్ తీగలోని క్రోమియం ఆకుపచ్చగా తుప్పు పడుతుంది. అప్పట్నుంచి అంకె తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మినవాడు ఇంకా ఊది, ఉక్కును మాడ్చుకుంటాడు. కొలిమి వెలుగు ముందు ఏళ్ళ తరబడి గడిపిన కంట్లో శుక్లాలు పడొచ్చు. ఆ కంటికీ మంట మసకే.

మన ఒక్క పల్నాడు జిల్లాలోనే ఈ రెండు విద్యలూ బతుకుతున్నాయి. మాచర్ల సిమెంటు బట్టీలో సుమారు 1450 డిగ్రీల వేడిని మీటర్లు చూసి నడుపుతారు. పల్లె కొలిముల్లో ఆ పని ఇంకా కంటిదే. ఇక మీటరు లేని విద్య ఎంత ఎత్తుకు పోగలదో తెలియాలంటే నిజామాబాదు జిల్లా కోనసముద్రం పేరు చాలు. మూతపెట్టిన మూసల్లో, లోపలేం జరుగుతోందో కనపడకుండానే అక్కడివాళ్ళు ఉక్కు చేశారు. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ విద్య తరం తెగితే పోయేది. దాన్ని అంకెగా రాసిపెట్టే దారి వాళ్ళకు లేకపోయిందే అని నాకు బాధ.

అందుకే కొత్తగా పట్టకారు పట్టిన కుర్రాడికి మీటరు ఇవ్వాలంటాను. అయితే దాన్ని పరీక్షించడం కూడా నేర్పాలి. పాత స్పీకరు అయస్కాంతం ఇనుముకు అతకడం మానేసేది 770 దగ్గర. ఉప్పు కరిగేది 801 దగ్గర. ఈ రెండు గుర్తులు చూసుకుంటే మీటరెంత తప్పుతోందో, కన్నెంత తప్పుతోందో ఒకేసారి బయటపడుతుంది.

కాకపోతే కుర్రాడు అంకె చూసి ఊరుకోకూడదు. అదే క్షణం రంగు కూడా చూడాలి. వెలిగారం చల్లి ఇనుమును అతికే తెల్లకాక చాలా చవక మీటర్లకు అందదు. తీగ ఒత్తిడిని అంకెగా మార్చడానికి బాగా వాడుకలో ఉన్న మాక్స్6675 చిప్పు 1024 డిగ్రీలకే ఆగిపోతుంది. ముంచి తీసిన కొడవలి పెళుసు విరవడానికి 220 నుంచి 300 దాకా తిరిగి కాచేటప్పుడు రుద్దిన అంచు మీద లేత పసుపు, ఊదా, నీలం పరుగెత్తుతాయి. అక్కడ బొగ్గుల్లో పెట్టిన తీగ ఎందుకూ పనికిరాదు. కొడవలికి ఏ రంగు దగ్గర ఆపాలో పెద్దాయనే చూపించాలి.