పసుపు, ఎండ, ఓ మునగ రెమ్మ

ములుగు అనగానే చాలామందికి మేడారం జాతర గుర్తొస్తుంది. నేను చెప్పేది సిద్దిపేట జిల్లా ములుగు సంగతి. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, ఫారెస్ట్ కాలేజీ రెండూ అక్కడే ఉన్నాయి. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన కేంద్రం కూడా ఆ విశ్వవిద్యాలయం కిందిదే. ఆకునూ పసుపునూ ఇంత దగ్గరగా చదివే ఊళ్లో కెమెరా లేని ఫొటో గురించి మాట్లాడుకోవడం సబబే. దానికి ముఖ్యంగా కావలసినవి ఆ రెండూ, మంచి ఎండ.

చొక్కా మీద పసుపు మరక పడితే ఉతికి ఎండలో ఆరేస్తాం. మరక దానంతటదే వెలిసిపోతుంది. పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకు విరిగిపోవడమే కారణం. ఈ విద్యకు మూలమూ అదే. పూలరసాలు పూసిన కాగితాన్ని ఎండలో పెట్టి బొమ్మలు తీసే పద్ధతిని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో ప్రకటించాడు. దాన్ని ఆంథోటైప్ అంటారు.

పసుపు నీళ్లలో సరిగా కరగదు కాబట్టి స్పిరిట్‌లో కలపాలి. పొయ్యికి దూరంగా సుమా! పాత పంచె గుడ్డతో వడగట్టి, డ్రాయింగ్ షీటు మీద బ్రష్‌తో పూసి, నీడలో ఆరబెట్టాలి. దానిమీద మునగ రెమ్మ పరిచి, పైన పటం అద్దం బిగించి, కొన్ని గంటలు ఎండలో ఉంచాలి. రెమ్మ తీస్తే దాని కింద పసుపు ముదురుగా నిలిచి ఉంటుంది, చుట్టూ కాగితం పాలిపోయి ఉంటుంది. ఆ కాగితాన్ని వెలిగారం కలిపిన నీళ్లలో ముంచితే పసుపు రంగు ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది. సున్నం తగిలి పసుపు పారాణి కావడం తెలిసిన వాళ్లకు ఇదేం వింత కాదు.

నైపుణ్యమంతా ఆకును పరచడంలోనే ఉంది. కాగితానికి అతుక్కున్న చోట అంచు గీత గీసినట్టు వస్తుంది. కాడ కాస్త లేచిన చోట వెలుతురు కిందికి దూరి అంచును చెరిపేస్తుంది. అందుకే రెమ్మను ముందుగా పుస్తకంలో పెట్టి అణచాలి. మర్రాకు మందం, ఆకారం మాత్రమే దక్కుతుంది. గుమ్మడి పువ్వు రేకు పలచన, లోపలి ఈనెలు కూడా దిగుతాయి. గాజులు, దువ్వెన, చిల్లుల గరిటె పెట్టినా బొమ్మ వస్తుంది. 1920ల్లో మాన్ రే, మొహోలీ నాజ్ అనే కళాకారులు చీకటిగదిలో వెండి లవణాల కాగితం మీద ఇలాంటి వస్తువులతోనే పేరు తెచ్చుకున్నారు. నా ఓటు మాత్రం ఆకుకే.

ఆకు బొమ్మ ఆకంతే ఉంటుంది, అదే దీని విలువ. కెమెరా ఫొటోలో ఆకు అసలు కొలత తెలియాలంటే పక్కన స్కేలు పెట్టాలి. ఇక్కడ ఆకే కాగితాన్ని తాకింది. ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ 1843లో సముద్రపు నాచు మొక్కల పుస్తకానికి ఈ దారే పట్టింది. ఆమె వాడింది హెర్షెల్ కనిపెట్టిన మరో పద్ధతి, సయనోటైప్. అందులో ఇనుప లవణాల మీద ఎండ పడ్డ చోట నీలం పుడుతుంది, ఆకు తెల్లగా మిగులుతుంది. పసుపులో వెలుతురు రంగును చెరిపితే, ఇక్కడ రంగును పుట్టిస్తుంది. ఇంజినీర్ల బ్లూప్రింట్ దీని సంతతే.

పిల్లలాట అని దీన్ని కొట్టిపారేసేవాళ్లు ఓ పని చేసి చూడాలి. బొమ్మ వెనక మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ పెన్సిల్‌తో రాస్తే అది మొక్కల రికార్డు అవుతుంది. రాయకపోతే ఒట్టి అలంకారం. పసుపు బొమ్మను పుస్తకంలోనే దాచాలి, వెలుతురుకు మళ్లీ వెలిసిపోతుంది. గోడకు తగిలించుకోవాలనుకుంటే సయనోటైప్ మేలు.