నకలు ఎవరి కోసం?

విక్టోరియా రాణిని వింటర్‌హాల్టర్ 1859లో రాజవస్త్రాలతో తైలవర్ణాల్లో చిత్రించాడు. దానికి నకళ్ళు గీయించి వలసదేశాలకు పంపారు. ఆ నకళ్ళలో జీవం లేదని కళాపండితులు ఒక్కమాటతో తోసేస్తారు. జీవం ఎందుకు? కచేరీ గోడమీద అధికారం అన్నిచోట్లా ఒకే మొహంతో కనబడాలి, అంతే.

నైజాం హాలీ రూపాయి మీద ఆ మొహం లేదు. పద్ధతి మాత్రం మా వేములవాడకూ వచ్చింది. రవివర్మ 1894లో పెట్టిన అచ్చుయంత్రం యూరపు తైలవర్ణాల తీరును దేవతలకు తొడిగింది. రాజన్న గుడి వీధిలో పటాల దుకాణాల్లోని లక్ష్మీ సరస్వతులది ఆ వంశమే.

చేర్యాల నకాషీలు కూడా తాతల బొమ్మనే తిరగ్గీస్తారు, నిజమే. కాని ఆ పటం విప్పినప్పుడు పక్కన కథచెప్పేవాడుంటాడు. ఎదుట, ఆ కథ తమదైన జనం కూచుంటారు. రాణి పటం ముందు మనవాళ్ళు నిలబడ్డారు, చేతులు కట్టుకుని.