నడుమెవరిది? సిగ్గెవరిది?

అనంతపురం పల్లెల్లో జాతర రాత్రి రికార్డింగ్ డాన్స్ మొదలయ్యే వేళకి ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇళ్ళకి వెళ్ళిపోవాలి. చిన్నప్పుడు మా అమ్మ నన్నూ అలాగే లాక్కెళ్ళింది. "అవి మనం చూసేవి కాదు" అంది. స్టేజీ మీద ఆడుతున్నదీ మనలాంటి ఆడమనిషేనని నాకు తట్టలేదు. కరోలిన్ కూపర్ పుస్తకం 'సౌండ్ క్లాష్' (2004) చదువుతుంటే ఆ రాత్రి గుర్తొచ్చింది.

జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదల పేటల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి రాత్రంతా పాటలు పెడతారు. 1970ల చివర అక్కడ రూపుదిద్దుకున్న సంగీతం డాన్స్‌హాల్. పేద నల్లజాతి స్త్రీలు మెరుపు బట్టలు, రంగురంగుల విగ్గులు వేసుకొస్తారు. నడుము తిప్పుతారు. తల నేలకానించి కాళ్ళు గాల్లో ఆడిస్తారు. మర్యాదస్తులు దీన్ని 'స్లాక్‌నెస్' అన్నారు. మన మాటల్లో బరితెగింపు. కూపర్ ఆ తిట్టునే తిరగేసి, ఇది పితృస్వామ్యం మీదా చర్చి నీతుల మీదా తిరుగుబాటు అంది. లేడీ సా అనే గాయని తన కోరికని తనే బాహాటంగా పాడటంలో పశ్చిమ ఆఫ్రికా దేవతారాధన ఆనవాళ్ళు చూసింది.

నల్లజాతి స్త్రీ నిండు శరీరాన్ని సిగ్గులోంచి బయటికి తెచ్చిన ఈ వాదన నాకు నచ్చింది. స్వలింగ ప్రేమికుల మీద ద్వేషం కక్కే పాటల్ని ఆమె మరీ మెత్తగా వదిలేయడం నచ్చలేదు. దేవత దగ్గరికొచ్చేసరికి అసలు ముందుకి పోలేకపోయాను. మా సీమలో దళిత ఆడపిల్లల్ని బసివిలుగా విడిచిందీ దేవుడి పేరుతోనే. దాన్ని ఆపడానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చింది. దేహాన్ని పవిత్రం చేస్తే ఎవరికి లాభమో ముందు అడగాలి.

ఇంకో తేడా ఉంది. కింగ్‌స్టన్ స్త్రీ తన పేటలో, తనవాళ్ళ మధ్య, తన సరదాకి ఆడుతుంది. రికార్డింగ్ డాన్సర్ ఊరుగాని ఊళ్ళో, మగవాళ్ళ ముందు, డబ్బు కోసం ఆడుతుంది. పాటా సినిమాదే, స్టెప్పూ సినిమాదే. అదే స్టెప్పు తెర మీద వేసిన తారకి సన్మానం, ఈమెకి పోలీసుల బెదిరింపు.

2005లో మహారాష్ట్ర బార్లలో నృత్యాన్ని నిషేధించినప్పుడూ త్రీస్టార్, ఆపై హోటళ్ళకి మినహాయింపు ఇచ్చారు. ముంబైలో కొన్ని స్త్రీవాద సంఘాలు డాన్సర్ల పక్షాన నిలిచాయి. ఆ నిషేధం సమానత్వానికీ బతుకుతెరువుకీ విరుద్ధమని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది.

రికార్డింగ్ డాన్సులు ఆపమనే విజ్ఞప్తి మీద ఒకప్పుడు నేనూ సంతకం పెట్టాను. ఆట ఆగిన రాత్రి ఆమె డబ్బులు ఎవరిస్తారని అడగలేదు. కూపర్ దేవతలు నాకు అక్కర్లేదు గానీ, ఆమె నిలబడిన చోటు కావాలి. ఆమె డాన్సర్ పక్కన నిలబడి రాసింది. వేరుశనగ ఎండిపోయిన ఏడు బెంగళూరుకి కూలికిపోయే ఆడమనిషిది శ్రమ అని రాస్తున్నాం. స్టేజీ మీద చెమటోడుస్తున్న ఆమెని ఆ లెక్కలోకి ఎందుకు రానివ్వం?